దూది మీద నడక

ఈ మధ్య నా చేతివేళ్ళు కుదురుకున్నాయి. పెన్ను పట్టుకుంటే జారిపోవడం లేదు. అక్షరాలు ఇంకా కాస్త పక్కకు వాలుతున్నా, నేను రాసింది నేనే చదువుకోగలుగుతున్నాను. అందుకే రాసిపెట్టాలనిపించింది. పోయిన కార్తీకంలో నాకు జరిగింది మా వైపు చాలామందికి కొద్దో గొప్పో జరుగుతూనే ఉంటుంది. ఎవరూ దాన్ని జబ్బనరు. "మందు సోకింది, మజ్జిగ తాగి పడుకో" అంటారు. పడుకుంటారు, తెల్లారి లేచి మళ్ళీ చేలోకి పోతారు. నేను లేవలేకపోయాను, అదే తేడా.

నా పేరు శేషారత్నం. ఇంట్లో రత్నం అంటారు. సత్తెనపల్లికి దగ్గర్లోని పల్లె మాది. నల్లరేగడి నేల. కొంత సొంతం, కొంత కౌలు. ఒక చెక్క పత్తి, మిగతాదంతా మిరప. మా ఆయన పేరు సాంబశివరావు. మా అమ్మాయి స్వాతి ఇంటర్ చదువుతోంది. నేనూ ఇంటర్‌తోనే ఆపేశాను గానీ, పుస్తకం కనపడితే చదవకుండా ఉండలేని అలవాటు మాత్రం పోలేదు.

కార్తీకం

ఆ ఏడు మిరప పూతకొచ్చేసరికి నల్ల తామర పురుగు వచ్చింది. తెల్లటి పూవు విప్పి చూస్తే లోపల ఆవగింజకన్నా చిన్నగా, నల్లగా, కదులుతూ కనపడేవి. ఇక ఆ పూవు నిలవదు, పిందె కట్టదు. ఆకు ముడుచుకుపోతుంది. ఊరంతా ఒకటే మాట: ఏం కొట్టావు, పనిచేసిందా? ఒకరు చెప్పినదానికి ఇంకొకరు ఇంకోటి కలిపేవారు. చివరికి పురుగు మందూ, తెగులు మందూ, పూత నిలిచే మందూ, ఆకు పచ్చబడే మందూ అన్నీ ఒకే డ్రమ్ములో పోసి తిప్పడం మొదలైంది. చేను పచ్చి మందు వాసన వేసేది. ఇంటికొచ్చినా ఆ వాసన జుట్టులో ఉండేది. దిండుకి కూడా పట్టింది.

కొట్టేది మగవాళ్ళే. నీళ్ళు మోసేదీ, మందు కలిపేదీ, బిందెతో ముంచి వాళ్ళ వీపు మీది పంపులో పోసేదీ మేం ఆడవాళ్ళం. కొట్టేవాడు ముఖానికి తువ్వాలు చుట్టుకుంటాడు. కలిపేదానికి ఏమవుతుందిలే అని మా అందరి నమ్మకం.

అంతకుముందు కొన్నాళ్ళ నుంచే చేలో చప్పుడు తగ్గింది. అది ఆ ఏడే నాకు తట్టింది. నేను కాపురానికొచ్చిన కొత్తలో కార్తీకం ఎండలో తూనీగలు సాళ్ళ మీద తెర కట్టినట్టు ఆడేవి. చేతిలో గంప పట్టుకుని నడుస్తుంటే ముఖానికి తగలకుండా పక్కకు జరిగి దారి ఇచ్చేవి. ఆ ఏడు ఒక్కటి కూడా కనపడలేదు. పత్తి పూల దగ్గర తేనెటీగల జుమ్మనే చప్పుడు లేదు. తోక చీలిన నల్లపిట్ట కరెంటు తీగ మీద కూర్చుని కాసేపు చూసి, తినడానికేమీ లేదన్నట్టు ఎగిరిపోయేది. సాయంత్రం పంపులన్నీ కాలువలో కడిగేవాళ్ళం. మర్నాడు ఆ నీళ్ళలో చిన్న చిన్న చేపపిల్లలు పక్కకు వాలి తెల్లగా మెరుస్తుండేవి. దూరం నుంచి ఎవరో పూలు చల్లినట్టుండేది. నేను చాలాసార్లు ఆగి చూశాను. అంత అందంగా ఉన్నది చావు అని ఎందుకో మనసుకి ఎక్కలేదు.

ఆ రోజు గాలిగా ఉంది. తగ్గాక కొడదామన్నాను.

"పక్క చేలో కొట్టేశారు. ఆలస్యం చేస్తే వాళ్ళ పురుగంతా మన మీద పడిద్ది" అన్నాడు మా ఆయన. అదీ నిజమే.

డ్రమ్ము దగ్గర నేనొక్కదాన్నే. కర్రతో తిప్పుతున్నాను, ముంచుతున్నాను, పోస్తున్నాను. పొర్లినప్పుడల్లా చీర మీద పడింది. నడుము నుంచి మోకాళ్ళ దాకా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎండకు ఆరిపోతుందిలే అనుకున్నాను. ఆరింది. మళ్ళీ తడిసింది. మధ్యలో చేతులు కాలువలో ముంచి, ఆ చేతులతోనే అన్నం తిన్నాను.

అన్నం తిన్న కాసేపటికి వెలుతురు తగ్గింది. మబ్బు పట్టిందేమోనని తలెత్తాను. సూర్యుడు అక్కడే ఉన్నాడు. కానీ చందమామలా తెల్లగా, చిన్నగా ఉన్నాడు. చుట్టూ పొద్దుగూకిన మసక. మిరప సాళ్ళు మెల్లగా దూరం జరుగుతున్నాయి. చెబితే నమ్మరు గానీ నాకు భయం వేయలేదు. ఎంత బాగుందో అనుకున్నాను. మంచు దిగినట్టు, లోకం మీద ఎవరో పల్చటి పంచె కప్పినట్టు ఉంది. బుగ్గ కింద చర్మం దానంతటదే అదురుతోంది. ఎంత మింగినా నోట్లో నీరూరుతోంది. జాకెట్టంతా చెమట. సాలు చివర మా ఆయన వీపు, దాని మీద పంపు చిన్నగా కనపడుతున్నాయి. పిలిచాననుకున్నాను. గొంతు బయటికొచ్చిందో లేదో. గట్టు మీద కూర్చున్నాను. గట్టు పరుపులా మెత్తగా ఉంది. పడుకున్నాను.

ఆసుపత్రి

తరవాతి సంగతి కొంత నాకు తెలుసు, కొంత వాళ్ళూ వీళ్ళూ చెప్పింది. పక్క చేనువాళ్ళ కారులో సత్తెనపల్లి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు ముక్కు దగ్గర వాసన చూసి, ఒక సూది పొడిచి, వెంటనే గుంటూరు తీసుకెళ్ళమన్నాడు. గుంటూరులో ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం. తలుపు దగ్గరే అడిగారట:

"ఎంత తాగింది?"

"తాగలేదండి. చేలో మందు కలిపింది" అన్నాడు మా ఆయన.

"అందరూ అదే చెబుతారయ్యా. డబ్బా తెచ్చావా?"

తేలేదు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు. కాగితం మీద తాగినట్టే రాశారు. వాళ్ళని తప్పుపట్టను. ఆ వార్డులో నా చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామంది నిజంగానే తాగి వచ్చినవాళ్ళు. పంట పోయో, మాట పడో. మా వైపు రోగానికిచ్చేదీ, పురుక్కి కొట్టేదీ, మనిషి చావడానికి తాగేదీ అన్నీ మందే. ఒకే మాట. ఏ మందు అని అడిగే ఓపిక ఎవరికి ఉంటుంది?

విరుగుడు మందు ఎక్కించారు. అది ఎక్కేకొద్దీ నేను వేరే చోటికి వెళ్ళిపోయాను.

అక్కడ పైకప్పంతా పత్తి విచ్చుకుంది. ఫ్యాను రెక్కల చుట్టూ, గోడల మీద, సెలైను సీసాకి కూడా కాయలు పగిలి తెల్లగా వేలాడుతున్నాయి. ఇంత పత్తి విచ్చుకుంటే ఏరేవాళ్ళు లేరేమిటని నాకు ఒకటే కంగారు. వాన పడితే నల్లబడిపోతుంది. చెయ్యి చాపి ఏరడం మొదలుపెట్టాను. చేతికి ఎంతో తేలిగ్గా వచ్చేది. తూనీగలు తిరిగొచ్చాయి. నీలంవీ, ఎర్రవీ, మంచాల మధ్య సందుల్లో ఎగురుతున్నాయి. మా చిన్నప్పటి ఎద్దు వార్డు తలుపు దగ్గర నిలబడి నెమరేస్తోంది. ఎవరూ దాన్ని అదిలించడం లేదు. ఎంత మంచి ఆసుపత్రి అనుకున్నాను.

బయటినుంచి చూసేవాళ్ళకి మాత్రం నేను ఉత్త గాలిని గిల్లుతూ, పలవరిస్తూ, చేతికున్న సూది పీకేసుకుంటున్న మనిషిని. అందుకని రెండు చేతులూ మంచం కడ్డీలకి గుడ్డతో కట్టేశారు. పత్తి కళ్ళెదురుగా ఉంది, చేతులు రావు. అప్పుడు ఏడ్చానట. ఆ ఏడుపు నాకు గుర్తులేదు. ఆ తరవాతిది గుర్తుంది. ఎవరో ముసలావిడ నా పక్కన కూర్చుని, కట్టు విప్పి, సూది ఉన్న చేతిని తన గుప్పిట్లో పెట్టుకుంది. రెండో చెయ్యి వదిలేసింది. తన పైట కొంగు విప్పి ఒడిలా నా ముందు పట్టింది.

"ఏరుకో తల్లీ, ఏరుకో. ఇందులో వేయి" అంది.

నేను ఏరాను. ఆవిడ ఒడిలో వేశాను. నిండినప్పుడల్లా ఆవిడ దులిపి మళ్ళీ పట్టింది. అలా ఎంతసేపో. నా పత్తంతా ఏరేసేదాకా ఆవిడ కదల్లేదు.

ఆవిడ పేరు కోటమ్మ అని తరవాత తెలిసింది. దర్శి వైపు పల్లె. పక్క మంచం మీద ఉన్నది ఆవిడ కోడలు. కోడలు నిజంగానే తాగింది. అంత కష్టంలో ఉండి పక్కమంచం పిచ్చిదాని పత్తికి ఒడి పట్టింది. నాకు తెలివొచ్చేసరికి ఆ మంచం ఖాళీగా ఉంది. కోడలు బతికి ఇంటికి వెళ్ళిందని సిస్టర్ చెప్పింది. నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పిందో, నిజమో, రెండోసారి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

కళ్ళు తెరిచేసరికి అమ్మ ఉంది. అద్దంకి దగ్గరి మా పుట్టింటి నుంచి తమ్ముడు గోపితో కలిసి వచ్చింది. అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి, చుట్టూ చూసి, చెవిలో అడిగింది.

"నిజం చెప్పవే. ఏమన్నాడు?"

నోరు ఎండిపోయి నాలుక తిరగలేదు. తల అడ్డంగా ఊపాను. అమ్మ నమ్మలేదు. మొగుణ్ణి కాపాడుకుంటోందనుకుంది. అప్పటికే బయట హాల్లో గోపి మా ఆయన చొక్కా పట్టుకుని గోడకు నెట్టాడట. "మా అక్క ఎందుకు తాగింది బావా? చెప్పు" అని. మా ఆయన చెయ్యి ఎత్తలేదట. గోడకి ఆనుకుని అలాగే నిలబడ్డాడట. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా విడదీయలేదు. అక్కడ అలాంటివి రోజూ చూసేవే.

కానిస్టేబుల్ వచ్చాడు. మంచి మనిషే. స్టూలు లాక్కుని మెల్లగా అడిగాడు.

"ఇంట్లో ఏమైనా గొడవా అమ్మా? మీ ఆయన్ని లోపలికి రానివ్వంలే. భయపడకుండా చెప్పు."

"మందు కలిపానండి. చీర తడిసింది. తాగలేదు."

"సరే, తాగలేదు" అని రాసుకున్నాడు. ఆ 'సరే'లో నమ్మకం లేదు. సంతకానికి చెయ్యి నిలవకపోతే వేలిముద్ర వేయించుకున్నాడు. జీవితంలో మొదటిసారి వేలిముద్ర వేశాను.

మామూలు వార్డుకు మార్చాక మా ఆయన పక్కన కూర్చున్నాడు. గడ్డం మాసింది. బత్తాయి వలుస్తున్నాడు, తొనలు గిన్నెలో పెడుతున్నాడు, నాకు పెట్టడం లేదు.

"రత్నం, ఒక మాట అడుగుతా. కోప్పడవుగా?"

"ఊఁ."

"నేను సాలు చివర ఉన్నా. నాకేం కనపళ్ళా. నువ్వు... కలిపావంతేగా?"

నేను తెలివిలేకుండా ఉన్నప్పుడు అతను ఒకసారి ఊరెళ్ళి చేలో పడి ఉన్న మందు డబ్బాలు ఒక్కొక్కటీ ఎత్తి వెలుతుర్లో చూసుకున్నాడట, ఎందులో ఎంత మిగిలిందా అని. కోపం రావాల్సిన చోట నాకు కోపం రాలేదు. పూత రాలిపోతున్నప్పుడు ఒకసారి విసుగులో నేనే అన్నాను, "ఈ మందేదో మనమే తాగితే పీడా పోయిద్ది" అని. మా వైపు అందరూ అనే మాటే. అది అతని చెవుల్లో ఉండిపోయింది పాపం. "కలిపానంతే" అన్నాను. తల ఊపి, అప్పుడు తొన నోటికందించాడు. కానీ కళ్ళు ఇంకా నన్ను వెతుకుతూనే ఉన్నాయి. భర్త, తల్లి, తమ్ముడు, పోలీసు, నన్ను నమ్మాలనుకుంటున్నవాళ్ళే అందరూ. ఎవరికీ చేతకావడం లేదు. ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది. ఆ మసక వెలుతుర్లో నేనేం చేశానో నాకు మాత్రం పూర్తిగా తెలుసా అని.

మర్నాడు పొద్దున అమ్మ వేణ్ణీళ్ళలో గుడ్డ ముంచి నా ఒళ్ళు తుడుస్తోంది. మెడ, వీపు, చేతులు తుడిచింది. తెర లాగి, దుప్పటి తీసి, నడుము కిందకి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. కుచ్చిళ్ళు దోపుకునే చోటినుంచి మోకాళ్ళ దాకా చర్మం కందిపోయి, పొరలు పొరలుగా లేచి ఉంది. మోకాళ్ళ దగ్గర గీత గీసినట్టు ఆగింది. చీర ఎత్తి దోపుకుంటే అంచు ఎక్కడిదాకా వస్తుందో సరిగ్గా అక్కడికి. అమ్మ చిన్నప్పటినుంచి పొగాకు చేలల్లో, మిరప చేలల్లో చీర ఎత్తి దోపుకుని పనిచేసిన మనిషి. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. వేళ్ళతో ఆ గీత మీద మెల్లగా రాసింది.

"ఒళ్ళే తాగిందా తల్లీ" అంది.

అంతే అంది. దుప్పటి కప్పింది. క్యారేజీ తీసుకుని బయటికి వెళ్ళింది. తరవాత గోపి చెప్పాడు. హాల్లో నేల మీద కూర్చున్న మా ఆయన ముందు తానూ కూర్చుని, పప్పన్నం కలిపి ఆకులో పెట్టి, "తిను నాయనా, ఎప్పుడు తిన్నావో ఏమో" అందట. అతను రెండు ముద్దలు తిని, మూడోది చేతిలో పట్టుకుని ఏడ్చాడట. గోపి లేచి వెళ్ళి మంచినీళ్ళ సీసా తెచ్చి బావ పక్కన పెట్టాడు.

పుష్యం

ఇంటికొచ్చాను. అంతా అయిపోయిందనుకున్నాం. ఒళ్ళు బలహీనంగా ఉన్నా మనసు ఎందుకో తేలిగ్గా, గాలిలో తేలుతున్నట్టుండేది. ఒకరోజు మంచు బాగా కురిసింది. చేను చూడాలనిపించిందన్నాను. మా ఆయన బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకున్నాడు, స్వాతి వెనకనుంచి నన్ను పట్టుకుంది.

ఆసుపత్రి చుట్టూ తిరగడంతో అతను మళ్ళీ చేనుకి మందు కొట్టలేదు. చేను పోయింది. అది దాచను. కాయ లేదు, ఆకులు ముడుచుకుని కుక్కచెవుల్లా ఉన్నాయి. కానీ నేను అలాంటి చేను ఎన్నో ఏళ్ళుగా చూడలేదు. ప్రతి చెట్టుకీ పక్క చెట్టుకీ మధ్య సాలెగూడు, ప్రతి గూడు నిండా మంచు చుక్కలు. అటు చివరిదాకా చేనంతా ఎవరో వెండి దారంతో కుట్టినట్టుంది. ఆకుల అడుగున పంటకి మేలు చేసే ఎర్రటి అక్షింతల పురుగులు. ఎక్కడో కనపడకుండా ఒక పిట్ట కూస్తోంది. నేను సాళ్ళలోకి నడిచాను. నేల మెత్తగా, అసలు లేనట్టే ఉంది. మంచులో తేలుతున్నాననుకున్నాను.

"అమ్మా, నీ చెప్పు ఏది?" అంది స్వాతి వెనకనుంచి.

కిందకి చూశాను. ఎడమ కాలికి చెప్పు లేదు. వెనక్కి చూస్తే చాలా దూరాన గట్టు మీద ఉంది. ఎప్పుడు జారిందో నాకు తెలియలేదు. మట్టిపెళ్ళల మీద, ఎండు మోళ్ళ మీద అంత దూరం నడిచాను. కాలికి రక్తం కారుతోంది. నొప్పి లేదు. అది నా కాలు కాదన్నట్టుంది.

మెత్తదనం నేలది కాదు.

ఆ తరవాత పాదాలు నాకు దూరమవుతూ వచ్చాయి. వేళ్ళల్లో చీమలు పాకినట్టు మొదలై, పాదం, చీలమండ. అడుగు వేస్తే దూది మీద వేసినట్టు. ముందుపాదం ఎత్తలేక ఈడ్చేదాన్ని. చేతుల్లో కూడా బలం తగ్గి జడ వేసుకోలేకపోయాను. స్వాతి కాలేజీకి వెళ్ళేముందు నాకు జడ వేసేది. బిగించి వేసేది, చిన్నప్పుడు నేను దానికి వేసినట్టే.

గుంటూరులో నరాల డాక్టరు దగ్గర ఎప్పుడూ జనమే. గోడ పొడుగునా బల్లలు, వాటి మీద వణికే చేతులు, ఒరిగిన తలలు, మోకాళ్ళ మీద ప్లాస్టిక్ కవర్లు. అక్కడ కాలం మిగతాచోట్లలా నడవదు. ఫ్యాను తిరుగుతుంటుంది, పేర్లు పిలుస్తుంటారు, అవి ఎప్పుడూ వేరేవాళ్ళవే. ఒకసారి పక్కన కూర్చున్న పెద్దాయన నా కాళ్ళకేసి చూసి అడిగాడు.

"చెప్పులు జారిపోతన్నాయా అమ్మా?"

"అవునండి."

"నాకూ అట్టాగే మొదలైంది. ఊళ్ళో కూలికి మందు కొట్టేవాణ్ణిలే."

"తగ్గిందా మరి?"

"పోయినేడు కర్ర లేకపోతే అడుగు పడేది కాదు. ఇయ్యాల కర్ర బస్సులో మర్చిపోయా. ఇక్కడికొచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది."

ఇద్దరం నవ్వాం. డాక్టరు లోపల చెప్పిందానికన్నా ఆ మాటే నాకు మందులా పనిచేసింది. డాక్టరు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పారు. చెట్టు మొదలు బాగానే ఉండి కొసలు ఎండిపోయినట్టు, నా నరాల చివర్లు దెబ్బతిన్నాయట. మళ్ళీ రావచ్చు, కానీ చాలా మెల్లగా. "పూర్తిగా వస్తాయని మాత్రం నేను మాటివ్వలేనమ్మా" అన్నారు. దారి పొడుగునా బస్సు కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ వచ్చాను. ఏరడం అయిపోయి, మోళ్ళు మిగిలి, అక్కడక్కడా వదిలేసిన తెల్లటి తునకలు. పక్కన మా ఆయన నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోవడం లేదని నాకు తెలుసు.

ఎండాకాలం

వసారాలో మంచం వేశారు. ఊరంతా కల్లాల్లో ఎండే మిరపకాయలతో ఎర్రగా ఉంది. గాలి వీస్తే ఘాటు, తుమ్ములు. నేను మంచం మీదినుంచి చూస్తూ ఉండేదాన్ని. గంటలకు గంటలు. ఎండలో లేచే ఆవిరిలో మనుషులు నీళ్ళలో నడుస్తున్నట్టు కనపడేవారు.

పలకరించడానికి వచ్చేవాళ్ళు. వచ్చిన ప్రతివాళ్ళూ గొంతు తగ్గించి ఒకే మాట. "మగాడన్నాక ఒక మాట అంటాడు. దానికే ఇంత పని చేసుకుంటారా?" తాగలేదని చెప్పేదాన్ని. "సర్లే, పిల్ల మొహం చూసి బతుకు" అనేవాళ్ళు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. తరవాత చెప్పిందే చెప్పడం నా పనయింది. వెలుతురు ఎలా తగ్గింది, నోట్లో నీళ్ళు ఎలా ఊరాయి, చీర ఎక్కడిదాకా తడిసింది అన్నీ చెప్పేదాన్ని.

ఒకనాడు వెనకింటి రమణమ్మ అలా విని, లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"రత్నమ్మా, మసకేసిద్దన్నావే, నాకూ వేసిద్దే. మందు కలిపినప్పుడల్లా. బల్బు చుట్టూ రంగులు కనపడతాయి. కళ్ళజోడు మార్పించాలేమో అనుకుంటన్నా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏమో. ఎవరికి చెప్పినా పని ఎగ్గొట్టడానికంటారని చెప్పలా."

ఆ తరవాత ఇంకొకామె వచ్చింది. ఇంకొకామె. ఒకరికి వేళ్ళు తిమ్మిరి, ఒకరికి కలిపిన మర్నాడు వాంతులు, ఒకరికి కడుపు నిలవలేదు. అది మందు వల్లో కాదో నాకు తెలియదు, తెలియందాన్ని అవునని చెప్పలేదు. కానీ డాక్టరుకి చూపించమని, చూపించేటప్పుడు మందు కలుపుతానని కూడా చెప్పమని అందరితో అన్నాను. రమణమ్మని మా ఆయనే గుంటూరు తీసుకెళ్ళాడు.

ఇది చదివేవాళ్ళకీ అదే చెబుతాను. గాలిలో కొట్టకండి. తడిసిన బట్ట ఒంటి మీద ఆరనివ్వకండి, పని ఆగినా సరే విప్పి, సబ్బుతో కడుక్కోండి. ఏమైనా అయితే డబ్బా వెంట తీసుకెళ్ళండి. పంపు కాలువలో కడగకండి, ఆ నీళ్ళు తాగేవి చాలా ఉన్నాయి. తాగలేదని ఎవరైనా అంటే, ముందు నమ్మి తరవాత అడగండి. మేం మందు పూర్తిగా మానేశామంటే అబద్ధం అవుతుంది. కౌలు చేను వదిలేశాం. ఉన్నదాంట్లో మినుము, కొంచెం మిరప, పురుక్కి అడ్డుగా చుట్టూ జొన్న వరసలు. పురుగు నిజంగా ఉందో లేదో చూశాకే కొడుతున్నాడు, ఒక్క మందే. కలిపేది కూడా అతనే, చేతులకి తొడుగులు వేసుకుని. చూసి నవ్వినవాళ్ళున్నారు. నవ్వనీ.

తొలకరి

మొదటి వానలు పడిన వారానికి మా ఆయన చెయ్యి పట్టుకుని పెరట్లోకి దిగాను. రోజూ అలా కాస్త దూరం నడిపిస్తున్నాడు. నేల ఇంకా తడిగా ఉంది. పెరడంతా కొత్త గడ్డి మొలక, ఆకాశం కిందకి దిగినట్టు బూడిదరంగు వెలుతురు. అతను గొడ్లకి నీళ్ళు పెట్టడానికి నా చెయ్యి వదిలి అటు వెళ్ళాడు. నేను దడి పట్టుకుని నాలుగడుగులు వేశాను. దూదే. ఇంకో అడుగు, దూదే.

తరవాతి అడుగులో అరిచాను.

బకెట్టు పడేసి పరిగెత్తుకొచ్చాడు. ముఖం చేలో ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో అలా ఉంది. "ఏమైంది? కళ్ళు తిరుగుతున్నాయా? కనపడతన్నానా నీకు?"

"కాల్లో ఏదో గుచ్చుకుంది."

నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి, పాదం తన మోకాలి మీద పెట్టుకుని చూశాడు. పల్లేరుకాయ. బొటనవేలి పక్కన దిగి ఉంది. గోళ్ళతో పట్టుకుని లాగబోయాడు.

"మెల్లగా. నొప్పి" అన్నాను.

అతని చెయ్యి ఆగిపోయింది. తలెత్తి నాకేసి చూశాడు.

"నొప్పా?"

"నొప్పే" అన్నాను.

ముల్లు తీయలేదు. పాదం అలాగే రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాడు. నేనూ తీయమనలేదు.